అచ్చులు లేని అక్షరమాల

కృష్ణా డెల్టాలోని క్రైస్తవుల ఇండ్లలో గూటియందున్న తెలుగు బైబిలును తీసి, కీర్తనల గ్రంథమున 119వ కీర్తనను చూడుడు. ఆ గ్రంథమున కెల్ల అదియే పెద్దది. 176 చరణములు కలది. ఎనిమిదేసి చరణముల కొక భాగము చొప్పున అది 22 భాగములుగా విభజింపబడి యున్నది. ప్రతి భాగము తలమీద ఒక్కొక్క వింత మాట కనబడును. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ - ఇట్లు చివరకు తౌ వరకు. ఇవి మనుష్యుల పేర్లు కావు, ఊళ్ల పేర్లును కావు. హీబ్రూ అక్షరముల పేర్లు. మూలములో ఆలెఫ్ భాగమునందలి ఎనిమిది చరణములును ఆలెఫ్‌తోనే మొదలగును. బేత్ భాగములోనివి బేత్‌తో మొదలగును. తెలుగు చేసినవారికి ఆ నియమమును నిలుపుట సాధ్యము కాలేదు. అక్షరముల పేర్లను మాత్రము వదలక తలమీద నిలిపిరి. ఈ విధముగా ఒక అక్షరమాల నూరేండ్లకు పైబడి మన పల్లెల ఇండ్లలో పేర్లతో నివసించుచున్నది. దాని రూపు చూచినవారు మాత్రము అరుదు.

రూపుతో సహా దానిని నేర్చుకొనుచున్న కుటుంబములు కూడ ఈ డెల్టాలోనే కలవు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములో కొందరు తమ్ము 'బెనె ఎఫ్రాయిము' అని, అనగా ఎఫ్రాయిము సంతానమని చెప్పుకొందురు. వీరు మాదిగ కులమువారు. పూర్వము క్రైస్తవ సంఘములలో నుండినవారు. 1980ల చివరి నుండి యూదుల ఆచారములను పాటించుచున్నారు. ఊరిలో సినగాగు అను ప్రార్థనా మందిరము కలదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. వారి వంశవాదమును తూచుట మా పని కాదు. మాకు ఆసక్తి కలిగించినది వారి పలక. క గుణింతము దిద్దిన చేతితో ఒక తెలుగు బిడ్డ హీబ్రూ అక్షరములను దిద్దవలసి వచ్చినప్పుడు ఏమి జరుగును?

మొదట, కుడినుండి ఎడమకు వ్రాయవలెను. ఇది రెండు దినములలో అలవడును. అసలు చిక్కు వేరొకటి. ఆ 22 అక్షరములలో ఒక్కటియు అచ్చు కాదు. ఆలెఫ్ చూచుటకు మన 'అ' వలె తోచును గాని, నిజమునకు అదియు హల్లే. గొంతును క్షణకాలము బిగించి వదలినపుడు పుట్టు శబ్దమునకు గుర్తు. ప్రాచీనులు హల్లులు మాత్రము వ్రాసి, అచ్చులను చదువరికి వదలిరి.

తెలుగున ఇట్టి పని చేసిన ఎట్లుండునో చూతము. 'కూలివాని కాలు విరిగెను' అను వాక్యములోని అచ్చులను తీసివేసి హల్లులను మాత్రము వ్రాసిన 'కలవనకలవరగన' అని మిగులును. దీనిని మరల వాక్యముగా చదువగలవాడు తెలుగుదేశమున లేడు. 'క, ల' అను రెండు హల్లులే చూడుడు. కల, కలి, కాలు, కీలు, కూలి, కేలు, కోల - ఇన్నియు అందులో దాగియున్నవి. వీనికి ఒకదానితో ఒకటికి సంబంధము లేదు. కాలునకు కూలికి, కోలకు కలకు చుట్టరికము లేదు. కావున మనకు అచ్చును విడిచిన అర్థమే పోవును.

మరి వారికి అర్థ మెట్లు నిలిచినది? దీనికి సమాధానము మన రైతుల నోటనే కలదు. గుంటూరు, కృష్ణా మండలములలో పంట నూర్పిడి కాలమును 'మాసూళ్లు' అందురు. పంట చేతికి వచ్చుట మాసూలు. ఆ పంటపై శిస్తు లెక్క చూచువాడు తహసీలుదారు. పాత లెక్కలలో రాబడికి, సుంకమునకు హాసిలు అని పేరు. మాసూలు, తహసీలు, హాసిలు - ఈ మూడును పారసీకము మీదుగా మనకు వచ్చిన అరబ్బీ మాటలు. మూడును ఒకే ధాతువు బిడ్డలు. ఆ ధాతువు 'హ - స - ల' అను మూడు హల్లులు. దాని భావము చేకూరుట, చేతికి వచ్చుట. ఆ మూడు హల్లుల నడుమ దీర్ఘమైన ఆ-కారమును, హ్రస్వమైన ఇ-కారమును ఉంచిన 'హాసిల్', చేకూరినది. ముందు మ-కారమును చేర్చి అచ్చులు మార్చిన 'మహసూల్', చేతికి వచ్చిన ఫలము. త-కారమును చేర్చి మరియొక తీరున మార్చిన 'తహసీల్', చేకూర్చుకొనుట, అనగా వసూలు. కల్లములోని రైతునకు, కచేరీలోని ఉద్యోగికి ఇట్టి బంధుత్వ మున్నదని వారిలో ఎవరును ఎరుగరు.

ఇచ్చటనే ఈ భాషల కీలకము కలదు. అరబ్బీ, హీబ్రూ మొదలగు సెమిటిక్ భాషలలో అర్థము హల్లులను ఆశ్రయించి యుండును. ఆ అర్థము కర్తయా, కర్మయా, క్రియయా అను వ్యాకరణ విశేషమును అచ్చులు తెలుపును. అచ్చు మారిన మాట మారునే కాని కుటుంబము మారదు. భాష తెలిసిన చదువరి హల్లులను చూడగానే ఏ కుటుంబమో గ్రహించును. వాక్యములో ఆ మాట నిలిచిన చోటును బట్టి ఏ సభ్యుడో పోల్చుకొనును. కావున అచ్చులను వ్రాయకపోవుట సోమరితనము కాదు. ఆ భాష కట్టుబడికి తగిన వ్రాత. అయినను ఒక షరతు కలదు. చదువరికి భాష ముందుగనే తెలిసి యుండవలెను. మనము చదివి భాష నేర్చుకొందుము. వారు భాష నేర్చి చదువవలెను. తల్లి ఒడిలో హీబ్రూ విని ఎరుగని చేబ్రోలు బిడ్డకు ఇది ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఈ కష్టము హీబ్రూ వారికే ఒక కాలమున వచ్చినది. దానికి వారు రెండు మందులు కనిపెట్టిరి.

మొదటిది అతి ప్రాచీనము. కొన్ని హల్లులకు అదనపు పని అప్పగించిరి. యోద్ అను య-కారమును ఈ, ఏలకు, వావ్ అను వ-కారమును ఊ, ఓలకు, హే, ఆలెఫ్‌లను మాట చివర ఆ-కారము మొదలగువానికి గుర్తుగా వాడిరి. వీనికి వారు పెట్టిన పేరు ముచ్చటైనది: పఠనమునకు తల్లులు. 'షాలోమ్' అను మాటను ష, ల, వ, మ అని వ్రాయుదురు. అందలి వ-కారము వ-కారము కాదు, ఓ-కారపు జాడ. అరబ్బీలోను ఇదియే పద్ధతి. మన మాసూలును అరబ్బీలో మ, హ, స, వ, ల అని ఐదు అక్షరములతో వ్రాయుదురు. నడుమ వ-కారము ఊ-కారమును చూపును. కాని ఈ తల్లులను ఎచ్చట ఉంచవలెనో, ఎచ్చట విడువవలెనో హీబ్రూలో స్థిరమైన నియమ మేర్పడలేదు. ఒకే మాట ఒకచోట తల్లితోను, వేరొకచోట తల్లిలేకయు కనబడును. తల్లులున్న వ్రాతను నిండు వ్రాత యనియు, లేనిదానిని కొరవ వ్రాత యనియు చెప్పుదురు.

రెండవ మందు క్రీస్తు శకము 7వ శతాబ్దము మొదలు 10వ శతాబ్దము వరకు గల కాలమున, ముఖ్యముగా గలిలయలోని తిబెరియ పట్టణమున పక్వమైనది. అప్పటికి హీబ్రూ ఇండ్లలో మాటాడు భాష కాదు. గ్రంథమును ఎట్లు ఉచ్చరింపవలెనో మరుపున పడునను భయము కలిగినది. గ్రంథములో ఒక్క అక్షరమును చేర్చుటకు గాని తీయుటకు గాని వారు సాహసింపరు. కావున మసోరాకారులను పండితులు అక్షరములను తాకక, వాని క్రిందను మీదను చుక్కలను, చిన్న గీతలను ఉంచి అచ్చులను సూచించిరి. మన గుడి, కొమ్ము, ఏత్వములతో వీనిని పోల్చవచ్చును గాని తేడా ఒకటి కలదు. మన గుణింతము అక్షరమునకు అవయవము. తీసిన వ్రాత చెడును. వారి చుక్కలు నగవంటివి. తీసినను అక్షరము చెక్కుచెదరదు. నేటికిని సినగాగులలో చదువు తోరా చుట్టలో చుక్కలుండవు. చదువువాడు ముందుగా చుక్కలున్న ప్రతిలో వల్లించుకొని వచ్చి, చుక్కలు లేని చుట్టను చదువవలెను. మేము వ్రాతప్రతిని చేతబట్టి మైకు ముందు కూర్చుండు వారము. చూచి చదువుటయే కష్టమని అప్పుడప్పుడు విసుగుకొందుము. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ మాట అనుట మానితిమి.

ఈ చుక్కల వలన పుట్టిన మాట ఒకటి డెల్టాలో ప్రతి ఆదివారము వినబడును. దైవనామమును హీబ్రూలో యోద్, హే, వావ్, హే అను నాలుగు హల్లులతో వ్రాయుదురు. భక్తిచేత యూదులు దానిని ఉచ్చరింపరు. అది కనబడినచోట 'అదొనాయ్', అనగా ప్రభువు, అని చదువుదురు. మసోరాకారులు ఆ నాలుగు హల్లులను అట్లే యుంచి, చదువరికి గుర్తుండుటకై వానికి అదొనాయ్‌లోని అచ్చుల చుక్కలు పెట్టిరి. కంటికి ఒక మాట, నోటికి వేరొక మాట. ఐరోపాలోని క్రైస్తవ పండితులు మధ్యయుగమున ఈ ఏర్పాటును గమనింపక, ఆ హల్లులను ఈ అచ్చులను కలిపి ఒకే మాటగా చదివిరి. అట్లేర్పడినదే 'యెహోవా'. అదొనాయ్‌లో మొదటి అచ్చు అ-కారము కదా, యెహోవాలో ఎ-కార మెట్లు వచ్చెనని ఎవరైన అడుగవచ్చును. అది అతి హ్రస్వమైన అ-కారము. ఆలెఫ్ వంటి కంఠ్యముల క్రింద మాత్రమే ఆ రూపమున నుండును. యోద్ క్రిందికి వచ్చినపుడు హీబ్రూ వ్యాకరణము ననుసరించి అతి హ్రస్వమైన ఎ-కారమగును. మన తెలుగు బైబిలులో 'యె' హ్రస్వముగా నుండుటకు మూలమదియే. అసలు ఉచ్చారణము 'యాహ్వె' వంటిదై యుండునని నేటి పండితులలో ఎక్కువమంది తలంతురు. తరతరములుగా ఆ పేరుతో ప్రార్థించినవారి భక్తికి దీనివలన లోటేమియు లేదు. ఒక వర్ణక్రమ పద్ధతిని తెలియక చదివిన ఏమగునో చూపుటకే దీనిని ప్రస్తావించితిమి.

హీబ్రూ కథ ఇంతటితో ముగిసిన అది పండితుల గోష్ఠిలో మాత్రమే నిలిచెడిది. కాని 1881లో ఎలియెజెర్ బెన్ యెహూదా అను రష్యా దేశపు యువకుడు పాలస్తీనాకు వచ్చి, ఇంటిలో హీబ్రూ తప్ప వేరొక భాష మాటాడనని పట్టుపట్టెను. 1882లో పుట్టిన కుమారుని ఆ భాషలోనే పెంచెను. లేని మాటలను ప్రాచీన ధాతువుల నుండి కల్పించెను, పత్రికలు నడిపెను, నిఘంటువు కూర్చెను. సుమారు పదునేడు వందల సంవత్సరములు పొయ్యి దగ్గర, సంతలో వినబడని భాషను మరల బిడ్డల నోట పలికించుట సగము పునరుద్ధరణము, సగము కల్పనము. వ్రాతయు అట్లే. పద్యములకు, బాలల పుస్తకములకు చుక్కలు పెట్టిరి. పత్రికలకు, జాబులకు చుక్కలు పెట్టుట వల్ల కాదు. చుక్కలు లేని చోట తల్లులను విరివిగా చేర్చవలసి వచ్చినది. ఎంత విరివిగా అన్నది నేటికిని తెగని వివాదము. 1890లో ఏర్పడిన భాషాసంఘము, దాని స్థానమున 1953లో నెలకొన్న హీబ్రూ భాషా అకాడమీ, మరల మరల నియమములు చేసినవి. 2017లో కూడ సవరించినవి. బజారులోని పలకలపై ఒకే మాట రెండు విధములుగా వ్రాసి యుండుట నేటికిని కలదు. మన వర్ణక్రమము వేరు దారిన నడచినది. వారు అక్షరములను చేర్చికొనిరి. మనము అరసున్నను, బండిఱను వదలుకొంటిమి. వాడుక వ్రాతలో వాని కొరత ఇప్పుడు ఎవరికిని తోచదు.

భాషను పూర్తిగా కల్పించువారికి ఈ బాధ ఉండదని తోచవచ్చును. ఆంగ్ల రచయిత టోల్కిన్ తన కథలలోని మరుగుజ్జుల కొక భాషను సృష్టించుచు, సెమిటిక్ భాషల తీరున హల్లుల ధాతువులను దానికి ఏర్పరచెను. ఇట్టి భాషను కల్పించువాడు వ్రాత దగ్గరకు వచ్చునప్పటికి ఒక ప్రశ్నను తప్పించుకొనలేడు. ధ్వనిని వ్రాయవలెనా, ధాతువును వ్రాయవలెనా? మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపవాసులు ఈ ప్రశ్నకు కల్పనలో గాక జీవితములో సమాధానము చెప్పవలసి వచ్చెను. వారి భాష అరబ్బీకి బిడ్డ. లిపి రోమను లిపి. 1924లో అచ్చటి రచయితల సంఘము వర్ణక్రమమును కూర్చెను. 1934లో ప్రభుత్వము దానిని అంగీకరించెను. అచ్చులన్నియు వ్రాయుదురు. అయినను, నోట దాదాపు పలుకనే పలుకని ఒక పాత కంఠ్య హల్లును జంట అక్షరముతో ఇంకను వ్రాయుచునే యున్నారు. తీసివేసిన ధాతువులో ఒక కాలు విరుగునని వారి భయము. ధ్వనిని వ్రాయబూనినవారు కూడ ధాతువును పూర్తిగా విడువలేకపోయిరి.

అచ్చులను వ్రాయుట గూర్చి మన డెల్టాకు స్వంత చరిత్ర కలదు. కొత్తరెడ్డిపాలెము నుండి తెనాలి మీదుగా రేపల్లె దారి పట్టిన భట్టిప్రోలు తగులును. అచ్చటి బౌద్ధ స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు ధాతువుల రాతి పేటికలపై శాసనములు బయటపడినవి. ఈ ధాతువులు వ్యాకరణమువారివి కావు, అస్థికలు. ఆ శాసనములను క్రీస్తు పూర్వము 3వ లేక 2వ శతాబ్దమునకు చెందినవిగా ఎంచుదురు. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మికి ఒక విశిష్ట భేదము. అశోకుని బ్రాహ్మిలో గుర్తేమియు లేని అక్షరము 'క' అని అ-కారముతో కూడి పలుకును. ఆ-కారమునకు ఒక అడ్డుగీత చేర్చుదురు. భట్టిప్రోలు లిపికారుడు ఈ పద్ధతికి లోబడలేదు. అతని వ్రాతలో గుర్తు లేని అక్షరము కేవలము హల్లు. అ-కారము కావలెనన్న గుర్తు పెట్టవలసినదే. దీర్ఘమునకు వేరొక గుర్తు. హీబ్రూ లేఖకుడు ఏ అచ్చును వ్రాయలేదు. అశోకుని లేఖకుడు ఒక్క అ-కారమును వదలి తక్కినవి వ్రాసెను. భట్టిప్రోలువాడు దేనిని వదలలేదు. చదువరిని ఇంత తక్కువగా నమ్మిన లేఖకుడు, లేదా ఇంతగా కనికరించిన లేఖకుడు, ప్రాచీన ప్రపంచమున అరుదు. ఆ పద్ధతి నిలువలేదు. మన బడిపిల్లలు తలకట్టును అ-కారపు గుర్తుగా వల్లించుట వినునప్పుడు భట్టిప్రోలు జ్ఞప్తికి వచ్చును గాని, ఆ రెంటికి చారిత్రకమైన సంబంధము కలదని మేము చెప్పము.

ఇట్టి సమగ్రమైన గుణింతము చేతిలో నుండగా హీబ్రూ ప్రార్థనలను తెలుగు లిపిలోనే వ్రాసికొని చదువరాదా? చదువవచ్చును. ధ్వనికి మన లిపి చాల సాయపడును. హీబ్రూలో సాదె అను అక్షరపు నేటి ఉచ్చారణము ఆంగ్లము వ్రాయువారికి రెండు అక్షరముల పని. మనకు దంత్య చ-కారము కలదు. నీతిమంతుని వారు 'ౘద్దీక్' అందురు. ౘలి, ౘాప అను నోటికి అది శ్రమ కాదు. ఇచ్చట మన అతిశయమును కొంత తగ్గించుకొనవలసి యున్నది. 'ౘ' మీది గుర్తును ఇప్పుడు ఎవరును వ్రాయరు. చారు అని రెండక్షరములు వ్రాసిన అది అన్నములోని ౘారో, సంస్కృతములో మనోహరమను అర్థముగల చారువో వ్రాతలో తెలియదు. తెలుగు మాటయా, తత్సమమా అని తెలిసిన వాడే సరిగా పలుకును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో మేము ఒక ప్రసంగములో 'జాతి' అను మాటను 'ౙాలి'లోని ౙ-కారముతో చదివి, ఆ వారమంతయు శ్రోతల కార్డులతో బుద్ధి తెచ్చుకొంటిమి. ఉన్నది ఉన్నట్లు వ్రాయుదుమని చెప్పుకొను మనము కూడ కొంత చదువరికి వదలియే వ్రాయుచున్నాము.

ధ్వని నిలిచినను, తెలుగు లిపిలో వ్రాసికొన్న హీబ్రూలో పోవునది వేరొకటి. హీబ్రూలో 'వ్రాసెను' అనుటకు 'కతవ్', ఉత్తరమునకు 'మిఖ్తవ్', చిరునామాకు 'కెతోవెత్'. తెలుగున వ్రాసి చూచిన ఒకచోట క-కారము, ఒకచోట ఖ-కారము. బ-కారము ఎచ్చటను లేదు. మూడును మూడు వేరు మాటలవలె కనబడును. హీబ్రూలో మూడింటను అవే మూడక్షరములు: కఫ్, తౌ, బేత్. అచ్చు తరువాత కఫ్ ఖ-కారమువలెను, బేత్ వ-కారమువలెను మారి పలుకును. అక్షరము మాత్రము మారదు. తెలుగులో వ్రాసికొన్న బిడ్డకు 'మిఖ్తవ్' వల్లించవలసిన ఒక పరాయి శబ్దము. అక్షరములలో చదివిన బిడ్డకు మొదట మేమ్, దాని వెనుక క-త-బ కనబడును. గుంటూరు బజారులో పుస్తకమును కితాబు అనుటయు, ముస్లిముల పిల్లల బడిని మక్తబు అనుటయు ఆ బిడ్డ చిన్ననాటి నుండి విన్నదే. ఆ రెండు మాటలలోను అవే మూడు హల్లులు కలవు.